ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు గెంతుతోందని హెడ్ విప్పించొద్దు, ముందు వైరు చూడు

తమ్ముడూ, నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివాను. బీఎస్ ఫోర్ పొగ నిబంధనల నాటి పది టైర్ల బండి. యర్రగుంట్లలో సిమెంటు లోడు ఎత్తుకుని కడప మీదుగా రాయచోటి వైపు పోతావు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీతకు పోతుంది, బజర్ మోగుతుంది, బండి లాగడం తగ్గిపోతుంది, పక్కకు తీసి ఆపేలోపే ముల్లు మళ్లీ మధ్యకు వచ్చేస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద కీ ఆన్ చేసి స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెడితే కూలెంట్ వేడి 50 డిగ్రీలు చూపిస్తోంది. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఇప్పటికి రెండుసార్లు మార్చావు. ఇప్పుడు మేస్త్రి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు, హెడ్ విప్పాలా వద్దా అన్నది నీ ప్రశ్న.

ఇప్పుడే విప్పొద్దు. గాస్కెట్ బాగుందని నేను అనడం లేదు, బండి చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ నువ్వు చెప్పిన గుర్తుల్లో రెండు, ముల్లు గెంతడం, పొద్దున్నే 50 చూపించడం, గాస్కెట్‌తో కుదరవు. హెడ్ దింపితే బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉంటుందో నీకు తెలుసు, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. ఒక మల్టీమీటర్, ఒక స్కానర్, నీతో పాటు ఇంకో మనిషి ఉంటే గంటలో తేలిపోయే సంగతికి అంత పెద్ద పని నెత్తిన వేసుకోవద్దు. నేను అనంతపురంలో లారీల వైరింగ్ పని చేయబట్టి ఇరవై నాలుగేళ్లయింది. ఇలా అనవసరంగా హెడ్ దింపించుకుని, మళ్లీ బిగించాక కూడా అదే ముల్లు అదే ఘాట్‌లో గెంతితే ఏం చేయాలో తోచక వచ్చిన వాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, కాస్త ఓపికగా చదువు.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. ఇంజన్ వేడి గెంతదు. నీ ఇంజన్‌లో పాతిక లీటర్ల దాకా కూలెంట్ ఉంటుంది, దాని చుట్టూ కొన్ని వందల కిలోల ఇనుము ఉంటుంది. పెళ్లింట్లో గుండిగ నిండా నీళ్లు పోసి పొయ్యి మీద పెడితే అవి ఒక్క క్షణంలో మరగవు, మంట తీసేస్తే ఒక్క క్షణంలో చల్లారవు. ఇంజనూ అంతే. నిజంగా వేడెక్కే బండి ముల్లు 85, 90, 95 అంటూ నిమిషాల మీద పైకి పాకుతుంది, దిగేటప్పుడు కూడా అలాగే మెల్లగా దిగుతుంది. సెకనులో ఎర్రగీతకు పోయి, ఇంకో పది సెకన్లలో మధ్యకు వచ్చిందంటే అక్కడ మారింది వేడి కాదు, కరెంటు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అది ప్రమాదకరమైంది, దాని గురించి కిందికి పోయాక చెప్తాను.

బండి లాగడం తగ్గింది కాబట్టి నిజంగానే వేడెక్కి ఉంటుందని మీ మేస్త్రి అంటున్నాడన్నావు. అక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఈ బండ్లలో ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, సెన్సర్ మాటే నమ్ముతుంది. సెన్సర్ వైరు 120 అని చెప్తే ఇంజన్‌ను కాపాడదామని ఈసీయూ తానే డీజిల్ తగ్గిస్తుంది, ఫ్యాన్ కంట్రోల్ దాని చేతిలో ఉంటే ఫ్యాన్‌ను కూడా పూర్తిగా పట్టిస్తుంది. అంటే పవర్ పడిపోవడం ఇంజన్ వేడెక్కిందనడానికి రెండో సాక్ష్యం కాదు, మొదటి సాక్షి చెప్పిందే మళ్లీ చెప్పడం.

ఇక సెన్సర్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. ఇత్తడి గొట్టం లోపల ఒక చిన్న పూస లాంటి ముక్క ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది కరెంటుకు ఎక్కువ అడ్డుపడుతుంది, వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గిపోతుంది. ఎక్కువ బండ్లలో వచ్చే రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్స్, 30 దగ్గర 1,700, 80 దగ్గర 320, 100 దగ్గర 186 ఉంటుంది. నీ బండికి లెక్క కాస్త వేరుగా ఉండొచ్చు, సర్వీస్ మాన్యువల్లో పట్టిక ఉంటుంది, అదే ప్రమాణం. ఈసీయూ తన లోపలి నుంచి 5 వోల్టులు ఒక రెసిస్టర్ గుండా ఈ వైరు మీద పంపి, ఎంత మిగిలిందో చూసి వేడి లెక్కగడుతుంది. వైరు పూర్తిగా తెగిపోతే 5 వోల్టులూ అలాగే ఉంటాయి, ఈసీయూకి అది మైనస్ 40 డిగ్రీల చలిలా కనిపిస్తుంది. వైరు బాడీకి తగిలితే వోల్టేజి సున్నా అవుతుంది, అది నిప్పులా కాలిపోతున్నట్టు కనిపిస్తుంది.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. పిన్ను వదులైనా, తుప్పు పట్టినా, వైరు లోపల సగం తెగినా అడ్డు పెరుగుతుంది, అంటే ముల్లు చల్లటి వైపు పడుతుంది. ఆ తప్పులేవీ ముల్లును ఎర్రగీతకు తీసుకుపోలేవు. నీది ఎర్రవైపు గెంతుతోంది కాబట్టి, సెన్సర్ వైరు ఎక్కడో రాసుకుని బాడీకో పక్క వైరుకో తగులుతోందన్నది నా మొదటి అనుమానం. కొత్త సెన్సర్ వేస్తే ఇది పోదు, ఎన్ని వేసినా పోదు.

ఇప్పుడు పొద్దున్నే కనిపించే ఆ 50 సంగతి. అందరూ ఎర్రగీత గురించే మాట్లాడుతున్నారు గానీ నాకు అసలు ఆధారం ఇదే అనిపించింది. రాత్రంతా ఆపిన బండిలో తెల్లారి అయిదింటికి కూలెంట్, లోపలికి పోయే గాలి, డీజిల్, అన్నీ బయటి గాలంత వేడే ఉండాలి, మహా అయితే నాలుగైదు డిగ్రీలు తేడా. స్కానర్‌లో గాలి 29, డీజిల్ 30, కూలెంట్ మాత్రం 50 అని ఉంటే కూలెంట్ సర్క్యూట్ అబద్ధం చెప్తోందని ఇంజన్ స్టార్ట్ చేయకముందే తేలిపోయినట్టే. ఎందుకు 50? వైరు మీద తొడుగు కాస్త తెగి అక్కడ తడి, మురికి చేరితే కరెంటు కొద్దికొద్దిగా కారిపోతుంది. అది 1,600 ఓమ్స్ అడ్డు ఉన్న ఒక దొంగదారి అనుకో. చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ 1,700 దగ్గర ఉంటుంది, రెండు దారులూ కలిస్తే ఈసీయూకి కనిపించేది 820, అది దానికి 50 డిగ్రీలు. అదే ఇంజన్ 90కి వచ్చాక సెన్సర్ 240 దగ్గర ఉంటుంది, దొంగదారి కలిసినా 210, అంటే 95. ఐదు డిగ్రీల తేడా డ్రైవర్‌కి తెలియదు. అందుకే వేడెక్కాక ముల్లు బాగానే ఉన్నట్టు ఉంటుంది, పొద్దున్నే దొరికిపోతుంది. రెండు సెన్సర్లతోనూ అదే 50 వస్తోందన్నావు కదా, అందుకే సెన్సర్ కంటే వైరు మీదే నా అనుమానం.

నువ్వు చేయాల్సిన మొదటి పని, స్కానర్ పెట్టిన అబ్బాయిని కోడ్ నంబరు అడగడం. టెంపరేచర్ కోడ్ వచ్చిందన్న మాటతో సరిపెట్టుకోవద్దు, నంబరు కాగితం మీద రాయించుకో. పెద్ద బండ్లలో తప్పు దేనిలో ఉందో చెప్పే నంబరును ఎస్‌పీఎన్ అంటారు, కూలెంట్ టెంపరేచర్‌కి అది 110. దాని వెనక వచ్చే ఎఫ్ఎమ్ఐ నంబరులోనే అసలు సంగతి ఉంటుంది, అది తప్పు ఏ రకమో చెప్తుంది. 3 అయితే వోల్టేజి ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 4 అయితే తక్కువ, ఈ రెండూ కరెంటు తప్పులు. 0 గానీ 16 గానీ వస్తే సర్క్యూట్ బాగానే ఉంది, చూపిస్తున్న వేడే హద్దు దాటిందని ఈసీయూ అంటున్నట్టు. కొన్ని స్కానర్లలో ఇదే పీ0117, పీ0118 అని వస్తుంది. 0117 అంటే వోల్టేజి తక్కువ, 0118 అంటే ఎక్కువ. తక్కువ అనగానే చల్లదనం అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు, ఇక్కడ వోల్టేజి తక్కువైతే వేడి ఎక్కువ చూపిస్తుంది. నీకు ఎఫ్ఎమ్ఐ 4 గానీ 0117 గానీ వచ్చి ఉంటుందని నా అంచనా.

రెండో పని కప్లర్, అంటే వైరును సెన్సర్‌కి తగిలించే ప్లాస్టిక్ జోడు, పీకి చూడటం. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కీ ఆన్‌లో, ఒకరు స్కానర్ చూస్తుండగా ఇంకొకరు సెన్సర్ కప్లర్ పీకాలి. రీడింగ్ మైనస్ 40కి పడిపోవాలి. పడకుండా ఇంకా ముప్పయ్యో నలభయ్యో చూపిస్తూ ఉంటే, సెన్సరే లేని వైరులో కరెంటు ఎటో పోతోందన్నమాట. అక్కడితో సెన్సర్ నిర్దోషి అని తేలిపోయింది. పీకిన వెంటనే చూడాలి సుమా, ఎందుకంటే కొన్ని ఈసీయూలు తప్పు గుర్తించగానే తమకు తాముగా ఒక అంకె పెట్టేసుకుంటాయి, ఆలస్యంగా చూస్తే ఆ అంకె నిజం అనుకుని మోసపోతాం. అనుమానంగా ఉంటే మీటర్‌తో కప్లర్ రెండు పిన్నుల మధ్య వోల్టేజి చూడు, 5కి దగ్గరగా రావాలి. 4 దగ్గరో ఇంకా కిందో ఆగిపోతే లీకు ఉన్నట్టే. ఇక్కడ బల్బు టెస్టర్ మాత్రం దగ్గరికి రానీయొద్దు. హెడ్‌లైటు వైర్లు వెతికినట్టు ఈసీయూ వైర్లను బల్బుతో వెతికితే అది లాగే కరెంటుకు ఈసీయూ లోపలి భాగం పోయే ప్రమాదం ఉంది. డిజిటల్ మల్టీమీటర్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది, ఈసీయూ ఖరీదు దానితో పోల్చలేం.

మైనస్ 40కి పడిందా, 5 వోల్టులూ ఉన్నాయా, అయితే వైరును వదిలేయొద్దు. తప్పు ఆ క్షణంలో లేదని మాత్రమే దానర్థం. నీ బండికి తప్పు ఎక్కువగా వచ్చేది ఎక్కుడులో. ఎందుకు ఎక్కుడులోనే వస్తుందో చెప్పడానికి నా దగ్గరికి వచ్చిన ఒక బండి సంగతి చెప్తాను.

తాడిపత్రి నుంచి బండలు తోలే లారీ అది. చదునైన రోడ్డు మీద ఎంత దూరం పోయినా ముల్లు కదలదు, లోడుతో ఎక్కుడు వస్తే చాలు గెంతుతుంది. అందరూ లోడుకు వేడెక్కుతోందనే అనుకున్నారు. రేడియేటర్ విప్పి కడిగారు, థర్మోస్టాట్ మార్చారు, వాటర్ పంప్ మార్చారు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను కూడా మొదటి రోజు ఏమీ పట్టుకోలేకపోయాను. క్లీనర్‌ని క్యాబిన్‌లో స్కానర్ ఇచ్చి కూర్చోబెట్టి, వైరింగ్ మొత్తం చేత్తో కదిలించాను, కప్లర్ దగ్గర, ఫ్రేము పక్కన, ఈసీయూ దాకా. అంకె చెక్కు చెదరలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది, లోడులో ఇంజన్ నిటారుగా ఉండదు కదా అని. ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కుతుంటే ఇంజన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది. చదునులో ఖాళీగా ఉన్న వైరు, ఇంజన్ ఒరిగినప్పుడు దేనికో ఒత్తుకుంటుంది.

మర్నాడు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, బండి ముందర ఎవరూ లేకుండా చూసుకుని, డ్రైవర్‌ని హ్యాండ్ బ్రేక్ వేసి, కాలి బ్రేక్ కూడా తొక్కి గేరులో క్లచ్ కొద్దికొద్దిగా వదలమన్నాను. ఇంజన్ అలా ఒక పక్కకు ఎత్తుకుందో లేదో, క్యాబిన్‌లోంచి పిల్లాడు ఒకటే కేక, "అన్నా ఎక్కె, 130! మళ్లీ పడిపాయ!" అని. అప్పుడు టార్చి వేసి చూస్తే, డీజిల్ ఫిల్టర్ బ్రాకెట్ వెనక, ఎవరూ చూడని చోట, వైరింగ్ పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ లేదు. ఎప్పుడో ఎవరో ఆల్టర్నేటర్ విప్పినప్పుడు తీసి మళ్లీ పెట్టలేదు. క్లిప్ లేక కిందికి జారిన వైరు బ్రాకెట్ అంచు మీద పడి, నెలల తరబడి రాసుకుని, పైన ఉన్న గొట్టం అరిగిపోయి, లోపలి వైరు తొడుగు తెగి, బియ్యపు గింజంత రాగి బయటపడి మెరుస్తోంది. బ్రాకెట్ అంచు మీద కూడా రంగు పోయి సన్నటి గీత పడింది. అంతే తప్పు. అంత చిన్న రాగి ముక్క కోసం అన్ని సామాన్లు మార్పించుకున్నారు.

కాబట్టి నీ బండిలో కూడా సెన్సర్ కప్లర్ నుంచి మొదలుపెట్టి ఈసీయూ దాకా వైరు పోయే దారంతా చేత్తో తడుముతూ పో. కళ్లతో చూడటం చాలదు, వెనక వైపు వేలు పెట్టి తడమాలి. బ్రాకెట్ అంచులు, టర్బో దగ్గర వేడికి గట్టిబడిన చోట్లు, కంప్రెసర్ పైపు దగ్గర, క్యాబిన్ ఎత్తి దించినప్పుడు వైరు వంగే చోటు, ఇవి ముఖ్యం. కప్లర్ నుంచి మొదటి రెండు అంగుళాలు మరీ ముఖ్యం, రెండుసార్లు సెన్సర్ మార్చినప్పుడు అక్కడ వైరు లాగి ఉంటారు. కప్లర్ లోపల చూడు, పిన్నుల మీద పచ్చటి పొడి గానీ, కూలెంట్ జిగురు గానీ ఉంటే ఆ దొంగదారి అక్కడే ఉండొచ్చు. సెన్సర్ లోపలి సీలు పోతే కూలెంట్ పిన్నుల మధ్యకు ఊరుతుంది, ఒక్కోసారి వైరు లోపలి పోగుల వెంట చాలా దూరం పాకుతుంది కూడా.

దొరికాక మెలేసి టేపు చుట్టేయడం వద్దు. ఆ టేపు ఇంజన్ వేడికి నెలలో జిగురు కారి ఊడిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. చెడిన ముక్క కోసి, అదే మందం వైరు వేసి, సోల్డర్ పెట్టి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం తొడిగించు. పైన ముడతల గొట్టం వేసి, వైరు ముందు ఏ దారిలో పోయేదో అదే దారిలో క్లిప్పులు పెట్టి కట్టించు. క్లిప్ పెట్టకపోతే ఆ పని సగమే అయినట్టు.

ఇది చదివే పాత బండ్ల వాళ్ల కోసం ఒక మాట. ఈసీయూ లేని బండిలో మీటర్ సెన్సర్‌కి ఒకటే వైరు ఉంటుంది, రెండో దారి ఇంజన్ బాడీయే. దాని మరల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బిగిస్తే ఎర్త్ సరిగ్గా అందక ముల్లు తక్కువ చూపిస్తుంది. అదే, రాత్రి హెడ్‌లైట్లు వేయగానే ముల్లు పైకి పోయి, ఆర్పగానే దిగితే, సెన్సర్ జోలికి పోకుండా ఛాసిస్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీ చూడండి. లైట్ల కరెంటు ఆల్టర్నేటర్‌కి తిరిగి పోవడానికి ఆ పట్టీయే దారి, అది తుప్పు పట్టి ఉంటే ఆ తేడా అంతా మీటర్ ముల్లు మీద పడుతుంది. లైట్లన్నీ వేసి ఇంజన్ నడుస్తుండగా ఇంజన్ బ్లాక్‌కీ ఛాసిస్‌కీ మధ్య మీటర్ పెడితే 0.1 వోల్టుకు మించి రాకూడదు.

ఇప్పుడు ముందు చెప్పిన మినహాయింపు. కూలెంట్ తగ్గిపోయో, గాలి చేరో సెన్సర్ మొన నీళ్లలో కాకుండా ఆవిరిలో ఉంటే రీడింగ్ పిచ్చిపిచ్చిగా ఆడుతుంది. నీళ్లు తగిలినప్పుడు ఒకటి, ఆవిరి తగిలినప్పుడు ఇంకొకటి. ఇంతకంటే ఘోరం ఏమిటంటే, కూలెంట్ సెన్సర్ కంటే కిందికి దిగిపోతే ముల్లు పైకి పోవడం మాని కిందికి రావచ్చు. నీళ్లు ఇచ్చినంత వేడి గాలి సెన్సర్‌కి ఇవ్వలేదు. కళ్యాణదుర్గం వైపు డ్రైవర్ ఒకాయన బండి ఇలాగే పోయింది. కింది హోస్ పగిలి నీళ్లన్నీ పోయాయి, ముల్లు మధ్యలోనే ఉంది, ఆయన మీటర్ చూసుకుంటూ ధైర్యంగా నడుపుతూ పోయాడు, ఇంజన్ పట్టేసింది. సొంత బండి. "మీటర్ బాగానే చూపించింది కదయ్యా" అని మళ్లీ మళ్లీ అదే మాట అనేవాడు, ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సెన్సర్ విప్పి చూస్తే మొన కనిపించలేదు, నీళ్లు కాచే రాడ్డు మీద పట్టినట్టు తెల్లటి పెచ్చు కట్టుకుని ఉంది. ఏళ్లుగా దారిలో ఎక్కడ బోరు కనిపిస్తే అక్కడి నీళ్లు పోసుకున్నాడు.

మన జిల్లాల బోరు నీళ్లు ఎలా ఉంటాయో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఇంట్లో బిందె అడుగు చూస్తే చాలు. ఆ సున్నం ఇంజన్‌లో ఎక్కడ వేడి ఎక్కువో అక్కడ ముందు పేరుకుంటుంది, అంటే లైనర్ల (పిస్టన్లు ఆడే గొట్టాలు) చుట్టూ, హెడ్‌లో. సెన్సర్ మీద పడితే అది వేడిని ఆలస్యంగా, తక్కువగా చెప్తుంది. లైనర్ల మీద పడితే వేడి నీళ్లలోకి రాకుండా లోపలే ఆగిపోతుంది. పైగా డీజిల్ ఇంజన్ లైనర్లు అదురుతుంటాయి, ఆ అదురుకు నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి పగులుతూ లైనర్‌కి సూదితో పొడిచినట్టు గుంటలు చేస్తాయి. కూలెంట్‌లో కలిపే మందు దాన్ని ఆపడానికే, రంగు కోసం కాదు. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. అత్యవసరానికి దారిలో మామూలు నీళ్లు పోయక తప్పదు, ఇంజన్ కంటే ఎక్కువేమీ కాదు, కానీ ఇంటికొచ్చాక మొత్తం దించి మళ్లీ కూలెంట్ పోయించు. నువ్వు కూలెంట్ సంగతి రాయలేదు. రెండుసార్లు సెన్సర్ విప్పినప్పుడు ఎంత పోయింది, మళ్లీ ఏం పోశారు, గాలి తీశారా లేదా, ఇవి కనుక్కో.

థర్మోస్టాట్ తీసి పారేయమని కూడా ఎవరో సలహా ఇచ్చారన్నావు. ఎండాకాలం కర్నూలు, అనంతపురం షెడ్లలో ఈ మాట తరచుగా వింటాం. దయచేసి ఆ పని చేయొద్దు. అది 80 పైన తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కి పంపడమే కాదు, చాలా ఇంజన్లలో అప్పటిదాకా నీళ్లు తిరిగే అడ్డదారిని కూడా మూసేస్తుంది. దాన్ని తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి పోతుంది, ఘాట్‌లో ఇంకా ఎక్కువ వేడెక్కొచ్చు. చదునులో చలికాలంలో మాత్రం 60, 65 దాటదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి పడుతుంది.

గాస్కెట్ అనుమానం తీరాలంటే హెడ్ విప్పకుండానే చూసుకునే దారి ఉంది. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, కూలెంట్ నిండుగా పోసి స్టార్ట్ చేయించు. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగితే అది లోపలి గాలి. ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే ఆగకుండా బుడగలు వస్తూ ఉంటే, రేస్ చేస్తే ఎక్కువైతే, అప్పుడు అనుమానించాలి. మూత పెట్టి స్టార్ట్ చేస్తే రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడినా అదే గుర్తు. కొన్ని షెడ్లలో నీలం రంగు ద్రవం ఉన్న టెస్టర్ ఉంటుంది, కూలెంట్ ట్యాంకు మీద పెట్టి ఆవిరి పీలిస్తే, పొగ కలిసి ఉంటే రంగు మారుతుంది. ఇవి ఏవీ లేకుండా, కూలెంట్ తగ్గకుండా, ఆయిల్ పాలలా మారకుండా ఉంటే గాస్కెట్ పేరు ఎత్తాల్సిన పనే లేదు.

సిమెంటు తోలే బండి కాబట్టి రేడియేటర్ ఒకసారి చూసుకో. ఆ దుమ్ము ఫిన్నుల మధ్య కూర్చుని, దాని మీద తడి తగిలితే ప్లాస్టరింగ్ చేసినట్టు గట్టిపడుతుంది. ముందు గాలితో దులిపి, ఆ తర్వాతే నీళ్లు కొట్టాలి, అదీ ఇంజన్ వైపు నుంచి బయటికి, ఫిన్నులు వంగకుండా తక్కువ ప్రెషర్‌తో.

ఇవన్నీ చూసుకునే లోపు లోడు ఎక్కించాల్సి వస్తే, ఘాట్‌లో ముల్లు గెంతినా సరే, ఎలాగూ అబద్ధమేలే అని నడపొద్దు. ఏదో ఒక రోజు అది నిజమే చెప్తుంది. చోటు చూసుకుని పక్కకు తీయి. కూలెంట్ ట్యాంకు పక్కనుంచి మట్టం చూడు, మూత మీద మాత్రం చెయ్యి వేయొద్దు, ప్రెషర్‌లో ఉన్న నీళ్లు ముఖం మీదికి చిమ్మితే చర్మం ఊడిపోతుంది. ఆవిరి, తీపి వాసన, బెల్టు, హోస్ చూడు. అన్నీ బాగుంటే రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపు. నీళ్లు పోయినా బెల్టు తెగినా మాత్రం వెంటనే ఆపేయి. వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోసి హెడ్ పగలగొట్టుకోవద్దు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి క్యాబిన్‌లో ఉంచుకో. థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీదకే గురిపెట్టాలి, మెరిసే లోహం మీద పెడితే తప్పు అంకె చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత మీద ఉన్నప్పుడు అక్కడ 85, 90 వస్తే అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది.

నాకు మూడు సంగతులు రాయి. కోడ్ నంబరు వెనక ఉన్న ఎఫ్ఎమ్ఐ ఎంత, తెల్లవారుజామున గాలి, డీజిల్, కూలెంట్ మూడింటి రీడింగులు పక్కపక్కన ఎంతెంత, కప్లర్ పీకిన క్షణంలో అంకె ఎక్కడికి పడింది. మీ మేస్త్రికి కూడా ఇది చూపించు, ఆయన పనిని తప్పుపట్టడానికి రాసింది కాదు. ఆ మూడూ చూశాక, పొద్దున్నే బుడగలు కూడా చూసుకున్నాక, ఇంకా అవసరం ఉంటే హెడ్ సంగతి మాట్లాడదాం.